పిడికెడు జొన్నలతోటి లేచిన బడి

మహాబలేశ్వరం గుట్టల్ల పుట్టిన కృష్ణా నది మన నారాయణపేట జిల్లల అడుగువెట్టే ముందు సాతారా, సాంగ్లీ జిల్లాల ఊర్లను తడుపుకుంట వస్తది. ఆ తొవ్వల కరాడ్ అనే పట్నం ఉంది. కరాడ్ దగ్గర కాలే అని ఒక పల్లె. 1919 అక్టోబర్ 4, దసరా పండుగ నాడు ఆ పల్లెల ఒక సంస్థ పుట్టింది. పల్లె పోరగాండ్లకు సదువు చెప్పియ్యాలె అన్నది దాని పని. పేరు రయత్ శిక్షణ్ సంస్థ.

రయత్ అంటే పరాయి మాట అనుకునేరు. మనం రైతు అంటున్నది ఆ మాటనే. మరాఠోళ్లు దాన్ని ఇంకొంచెం పెద్దగ వాడుతరు. దున్నేటోడు, నేసేటోడు, గొర్లు కాసేటోడు, ఊడ్సేటోడు, పన్ను కట్టి ఏలికల కింద బతికే జనమంతా రయతే. అంటే ఆ సంస్థ పేరుకు మన భాషల అర్థం చెప్పుకోవాలంటే జనం సదువుల సంఘం అనొచ్చు.

దాన్ని పెట్టినాయన పేరు భావురావు పాటిల్. జనం ప్రేమతోటి కర్మవీర్ అని పిలుసుకున్నరు. 1959 మే 9న ఆయన కన్నుమూసేనాటికి ఆ సంస్థ చేతి కింద వందకు పైగా హైస్కూళ్లు, 38 హాస్టళ్లు, 3 కాలేజీలు ఉన్నయి. ఇయ్యాల 700కు పైగా శాఖలున్నయి. మహారాష్ట్రల ఏ పల్లెకు పోయి అడిగినా ఆయన పేరు తెలుసు. పక్క రాష్ట్రంల ఉన్న మనకు ఫూలే తెలుసు, షాహూ మహారాజ్ తెలుసు, అంబేద్కర్ తెలుసు. భావురావు మాత్రం మనదిక్కు అంతగ రాలె. రావాల్సిన మనిషి. ఎందుకంటే మన ఊర్ల బడులు ఒక్కొక్కటి పిల్లలు లేరన్న పేరుతోటి తాళం పడుతున్న ఈ కాలంల, బడి ఎట్ల నిలబడుతదో చేసి చూపెట్టినాయన ఆయనే.

గిలక ఇరగ్గొట్టిన పోరడు

భావురావు 1887 సెప్టెంబర్ 22న కొల్హాపూర్ దగ్గరి కుంభోజ్‌ల పుట్టిండు. జైన కుటుంబం. ఎవుసం చేసుకునే ఇల్లే గాని, నాయన పాయగొండ పాటిల్ రెవెన్యూల గుమాస్తా కొలువు చేసేటోడు. బదిలీలు అయితుంటే ఇల్లు కూడా ఊరు మారేది. ఇంట్ల తిండికి కరువు లేదు. ఊర్ల పరువుకు కరువు లేదు. సల్లగ సదువుకొని నాయన లెక్కనే కొలువు చేసుకుంటే ఎవరూ ఏమనకపోదురు.

ఆయన చిన్నప్పటి ముచ్చట ఒకటి అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటరు. ఎండకాలంల అంటరానోళ్లని పేరువెట్టిన జనం బావికాడ కుండలు పట్టుకొని నిలబడుతుండె. వాళ్లు తాడు ముట్టొద్దు, గిలక ముట్టొద్దు. పైకులపోళ్లకు దయ పుట్టి పోస్తేనే నీళ్లు. అది చూసి పోరడు భావురావుకు ఒళ్లు మండింది. ఆ గిలకనే ఇరగ్గొట్టి బావిల పడేసిండని చెప్తరు. వాళ్లకు అందని నీళ్లు ఎవ్వలకూ అందొద్దన్న కోపం అది. తర్వాత బతుకంతా ఆయన చేసిన పని ఆ కోపాన్ని ఒక తొవ్వల పెట్టుడే. బావిల నీళ్లకు బదులు బడిల సదువు. ఎవలు ముట్టొద్దో, ఎవలు ముట్టొచ్చో చెప్పే గిలకను ఇరగ్గొట్టుడు మాత్రం అదే.

హాస్టల్ నుంచి ఎల్లగొట్టిండ్రు

పై సదువుకు కొల్హాపూర్ పోయిండు. రాజారామ్ హైస్కూల్ల సదువు, జైన బోర్డింగుల ఉండుడు. అప్పుడు కొల్హాపూర్‌ను ఏలుతున్నది ఛత్రపతి షాహూ మహారాజ్. 1902లనే వెనుకబడిన కులాలకు సర్కారు కొలువుల్ల సగం వాటా ఇచ్చిన రాజు. పల్లె పిల్లలు పట్నం వచ్చి సదువుకోవాలంటే మొదాలు తలదాచుకునే తావు కావాలని గుర్తువట్టి, ఒక్కొక్క కులానికి ఒక్కొక్క హాస్టల్ పెట్టిచ్చిండు. దళిత పిల్లల కోసం మిస్ క్లార్క్ పేరు మీద ఒక హాస్టల్ తెరిచిండ్రు.

ఆ హాస్టల్ తెరిచే కార్యానికి భావురావు పోయిండు. తిరిగొచ్చినంక బోర్డింగు పెద్దలు స్నానం చేసి లోపలికి రమ్మన్నరు. దళితుల నడుమ కూసోని వచ్చినవు కాబట్టి మైల పడ్డవని వాళ్ల లెక్క. భావురావు చెయ్యనన్నడు. మనుషుల కాడికి పోయొస్తే కడుక్కునేదేముందని మొండికేసిండు. బోర్డింగు నుంచి ఎల్లగొట్టిండ్రు. షాహూ మహారాజ్ పిలిచి తన దగ్గర ఉండనిచ్చిండు. ఆ కొన్నాళ్ల సావాసం ఆయన బతుకును మలిపింది.

ఇక్కడొక ముచ్చట యాదికి పెట్టుకోవాలె. కులానికో హాస్టల్ అన్నది ఆ కాలంల అంతటా ఉండె. మన హైదరాబాద్‌ల 1918ల రెడ్డి హాస్టల్ వచ్చింది. ఆయా కులాలు తమ పిల్లలకు తావు చూపెట్టుకున్నయి. తప్పు అనలేం, వాటి వల్ల ఎందరో సదువుకున్నరు. అంతకన్న ముందే భాగ్యరెడ్డి వర్మ 1906ల జగన్ మిత్ర మండలి పెట్టి, హైదరాబాద్ దళిత వాడల్ల బడులు నడపవట్టిండు. మరి అన్ని కులాల పిల్లలు ఒకటే కప్పు కింద పండుకొని, ఒకటే బంతిల తినే తావు? ఎల్లగొట్టబడ్డ ఆ రోజు నుంచి భావురావు ఎతికింది దాన్నే.

సదువుల మాత్రం ఆయన గట్టెక్కలె. మెట్రిక్ గూడ పాస్ కాలె. రేపటినాడు వందల బడులు కట్టినాయన చేతుల సర్టిఫికెట్ లేదు. పరీక్ష తప్పిన తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ మాట జర గట్టిగ పట్టుకోండ్రి.

అబద్ధం ఆడలె

1914ల కొల్హాపూర్‌ల బ్రిటిష్ రాజు ఎడ్వర్డ్, రాణి అలెగ్జాండ్రా బొమ్మల మీద ఎవలో డాంబర్ పోసిండ్రు. ఆ కేసుల పోలీసులు భావురావును పట్టుకున్నరు. ఆయన పోసిండని కాదు, లఠ్ఠే అనే పెద్దమనిషి మీద దొంగసాక్ష్యం చెప్పిచ్చాలని. ఇదే లఠ్ఠే జైన బోర్డింగుకు పెద్ద. మైల పంచాయితీల భావురావుకు ఎదురు నిలబడ్డ తావు అది. పగ తీర్చుకోవాలంటే ఇంతకన్న మంచి మోక దొరకదు. పోలీసులు జైల్ల పెట్టి సతాయించిండ్రు. భావురావు లొంగలె. తెలువనిది తెలుసని చెప్పనన్నడు. ఆఖరికి బయటపడ్డడు.

చిన్న ముచ్చటే అనిపిస్తది. కాని రేపు జనం ఈ మనిషికి గింజలు, పైసలు, పిల్లలను అప్పజెప్పిండ్రంటే అట్లాంటి రోజుల వల్లనే. నమ్మకం ఒక్కరోజుల వచ్చేది కాదు.

కందిళ్లు, నాగండ్లు అమ్ముకుంట

బతుకుతెరువు కోసం మొదాలు సాతారాల పిల్లలకు ట్యూషన్లు చెప్పిండు. పాటిల్ మాస్టర్ అని పేరొచ్చింది. తర్వాత ఓగలే గాజు కార్ఖానా సరుకు అమ్మే ఏజెంటు అయిండు. కిర్లోస్కర్ ఇనుప నాగండ్లు అమ్మిండు. సాతారాల కూపర్ ఇంజనీరింగ్ కార్ఖానా పెరుగుడుల ఆయన చెయ్యి ఉంది. మంచి సంపాదన. తిరుగుడు మస్తు.

ఆ తిరుగుడే ఆయనకు అసలు బడి అయింది. నాగలి అమ్మాలంటే రైతు ఇంటికి పోవాలె. రైతు ఇంటికి పోతే రైతు బతుకు కనవడుతది. అప్పు కాయితం మీద వేలిముద్ర వేసేటోనికి దాంట్ల ఏం రాసుందో తెల్వది. షావుకారు ఎంత చెప్తే అంత. పట్వారి ఎట్ల రాస్తే అట్ల. అంతకు ముప్పయ్యేండ్ల కిందనే, 1882ల హంటర్ కమిషన్ ముందు జోతిబా ఫూలే ఇదే మొరపెట్టిండు. రైతు కట్టే పన్నుతోటి ఖజానా నిండుతుంటే, ఆ పైసలు పైకులాల పెద్ద సదువులకు పోతున్నయని, పల్లె పిల్లలకు మొదటి సదువు గూడ దొరుకుతలేదని గణం చెప్పిండు. ఫూలే పూర్వీకుల ఊరు కట్‌గుణ్ గూడ సాతారా జిల్లనే. ఆయన పెట్టిన సత్యశోధక్ ఉద్యమం ఆ జిల్లాల పల్లె పల్లెకు పాకింది. భావురావు దాంట్ల మనిషి అయిండు. సభలల్ల మాట్లాడవట్టిండు.

అయితే మాట్లాడితే సాలదని ఆయనకు తొందరగనే సమజైంది. 1910 ప్రాంతంలనే దూధ్‌గావ్ అనే ఊర్ల దోస్తులతోటి కలిసి పిల్లల హాస్టల్ ఒకటి మొదలువెట్టి చూసిండు. ఆఖరికి 1919ల కాలేల సత్యశోధకుల సభ జరిగినప్పుడు రయత్ శిక్షణ్ సంస్థ పుట్టింది. కొన్నేండ్లకు కార్ఖానా పనితోటి గూడ తెగదెంపులు చేసుకొని, పూర్తిగ దీంట్లనే దిగిండు.

బడి కన్న ముందు బువ్వ

ఇక్కడ ఆగి ఒకటి చూడాలె. బడులు కట్టాలని సంఘం పెట్టినాయన మొదాలు కట్టింది బడి కాదు, హాస్టల్. ఎందుకు?

ఊర్ల పోరడు బడికి పోకపోయేది గోడలు లేక కాదు. పొద్దుగాల లేస్తే పశువుల ఎంట పోవాలె. ఇంట్ల ఒక పూట తింటే ఇంకో పూట లేదు. నాలుగో తరగతి దాటితే పై సదువు పట్నంల, పట్నంల తావు లేదు. దళిత పోరడైతే అద్దెకు గూడ ఇల్లు దొరకది. ఈ చిక్కుముడిని ఇప్పకుండ ఎంత పెద్ద భవనం కట్టినా అది ఉత్తదే. తినబెట్టు, పండుకోవెట్టు, అప్పుడు పలక చేతికియ్యి. ఇది భావురావు లెక్క.

1924ల సాతారాల హాస్టల్ పెట్టిండు. మరాఠా, మహార్, మాంగ్, ముస్లిం, జైన, ధన్‌గర్ అని లేదు, అందరు పోరగాండ్లు ఒక్కతాన. ఒకటే పొయ్యి, ఒకటే బంతి. 1927 ఫిబ్రవరి 25న గాంధీ అక్కడికొచ్చి ఆ హాస్టల్‌కు ఛత్రపతి షాహూ పేరు పెట్టిండు. 1932ల ఎరవాడ ఒడంబడిక అయినంక పుణెల యూనియన్ బోర్డింగ్ పెట్టిండు. దాని పేర్లనే ఉంది, కలిసుండుడు. కులం మంచిది కాదని పుస్తకంల రాసి సదివిచ్చే పని ఆయన పెట్టుకోలె. పక్కపక్కన కూసోవెట్టి అన్నం తినిపిచ్చిండు. పదేండ్ల పోరడు పక్కోని ఇస్తార్ల నుంచి రొట్టె తుంచుకొని తిన్నంక, వానికి అంటు ఏందో ఎవలు నేర్పిస్తరు?

ఇంతమందికి బువ్వ ఎట్ల? మొదాలు సొంత పైసలు. అవి అయిపోయినయి. అప్పుడు ఊర్లమీద పడ్డడు. ముష్టి ఫండ్ అని పెట్టిండు. మన తెలుగుల ముష్టి అంటే అడుక్కునుడు అయిపోయింది గని, అసలు అర్థం పిడికిలే. ఇంట్ల ఆడోళ్లు రోజూ జొన్నలు ఇసిరేటప్పుడు ఒక్క పిడికెడు పక్కకు పెట్టాలె. నెల తిరిగేసరికి అది సేరు అయితది, ఊరంతటిది కలిస్తే బస్తా అయితది. ఆ బస్తా హాస్టల్‌కు పోతది.

దీంట్ల పెద్ద సంగతి ఏందంటే, పిడికెడు ఇచ్చినామె ఆ హాస్టల్‌కు దాత అయింది. ఒక్క షావుకారు వంద బస్తాలు ఇస్తే హాస్టల్ ఆ షావుకారుది. వంద ఇండ్లు పిడికెడు పిడికెడు ఇస్తే హాస్టల్ ఊరిది. దాన్ని ఎవలన్న మూసేస్తమంటే వంద ఇండ్ల ఆడోళ్లు కొంగు బిగిస్తరు.

లక్ష్మీబాయి పుస్తెలతాడు

ఆడోళ్ల ముచ్చట వచ్చింది కాబట్టి లక్ష్మీబాయి గురించి చెప్పకపోతే ఈ కథ అబద్ధమైతది. ఆమె భావురావు భార్య. బాగ బతికిన ఇంటి బిడ్డ. మడి, ఆచారం, రాత్రయితే తినకూడదన్న నియమాలున్న జైన ఇంట్ల పుట్టి పెరిగింది. పెండ్లినాడు ఒంటినిండ బంగారం పెట్టి పంపిండ్రు.

ఆమె మొగడు అన్ని కులాల పిల్లలను తెచ్చి ఇంట్ల పెట్టిండు. మొదాలు ఆమెకు ఎంత కష్టమైందో ఊహించుకోండ్రి. ముట్టొద్దని నేర్పిన పిల్లలకు ముద్దలు పెట్టాలె. పెట్టింది. జ్వరమొస్తే పక్కన కూసుంది. తల్లి లేని పోరగాండ్లకు తల్లి అయింది. హాస్టల్ల గింజలు అయిపోయిన రోజుల్ల ఒక్కొక్క నగ అమ్మింది. నగలు అయిపోయినంక పుస్తెలతాడు గూడ ఇచ్చేసింది. మన ఊర్లల్ల మొగడు బతికుండంగ పుస్తెలు తీసుడు అంటే ఏందో చెప్పక్కరలేదు. పిల్లలు ఆకలితోటి పండుకోవద్దని తీసింది.

1930ల ఆమె పోయింది. సంస్థ పెద్దగ అయిన రోజులు చూడలె. భావురావుకు తర్వాత పద్మభూషణ్ వచ్చింది, యూనివర్సిటీ డాక్టరేట్ వచ్చింది. ఆమెకు ఏ బిరుదు రాలె. మన ఉద్యమాల చరిత్రల గూడ ఇదే కథ కదా. జెండా పట్టినాయన పేరు రాస్తరు, జెండా పట్టినోళ్లకు వండి పెట్టినామె పేరు మర్చిపోతరు. ఫూలే పక్కన సావిత్రిబాయిని మనం ఆలస్యంగనన్న నిలబెట్టుకున్నం. భావురావు పక్కన లక్ష్మీబాయిని గూడ అట్లనే నిలబెట్టి చెప్పుకోవాలె.

చెమటే ఫీజు

పిడికెడు జొన్నలతోటి కొంతదూరం పోవచ్చు. సంస్థ పెరిగినంక ఏం చెయ్యాలె? భావురావు కనిపెట్టిన తొవ్వ కష్టపడు, సదువుకో అన్నది. 1940ల సాతారాల మహారాజా సయాజీరావు పేరు మీద హైస్కూల్ తెరిచిండు. ఫీజు లేదు, ఉండనీకి తావుంది. దానికి బదులు పిల్లలు రోజుల కొన్ని గంటలు పని చెయ్యాలె. రాళ్లు ఏరి బీడు భూమిని సాగుల తెచ్చిండ్రు. కూరగాయలు పండిచ్చిండ్రు. వంట చేసిండ్రు, గిన్నెలు తోమిండ్రు, గోడలు కట్టిండ్రు. 1947ల ఛత్రపతి శివాజీ కాలేజీ పెట్టినప్పుడు గూడ అదే పద్ధతి.

ఈడ ఒక ప్రశ్న వస్తది, రావాలె గూడ. పిల్లలతోటి పని చేయిచ్చుడు మంచిదా? మన హాస్టళ్లల్ల పిల్లలతోటి బాత్రూములు కడిగిచ్చిండ్రని వార్తలొస్తే మనమే లొల్లి చేస్తం. చెయ్యాలె. దానికీ దీనికీ తేడా ఏందంటే, అక్కడ పని కులం చూసి పంచలె. మరాఠా పాటిల్ కొడుకు, మహార్ కొడుకు ఒకటే పార పట్టిండ్రు, ఒకటే చీపురు పట్టిండ్రు. పెద్దసారు కొడుకు కూసుంటే పేదోని కొడుకు ఊడ్సుడు కాదు. పండిన పంట వాళ్ల కంచంలకే వచ్చింది, ఏ కాంట్రాక్టర్ జేబులకూ పోలె. అందరు చేస్తే అది పని. కొందరితోటే చేయిస్తే అది ఎట్టి. ఈ గీత చెరిగిపోతే భావురావు పేరు చెప్పి గూడ పిల్లలను దోచుకోవచ్చు. అందుకే గీత ఎక్కడుందో తెలుసుకొని మాట్లాడాలె.

ఇంకో లాభం గూడ ఉండె. పుణ్యానికి సదువు చెప్పిచ్చుకున్న పోరడు జిందగీ అంతా దాత ముందు తలకాయ వంచాలె. చెమట కార్చి సదువుకున్నోడు ఎవలకూ బాకీ లేడు. ఆ హాస్టళ్లల్ల పెరిగిన పల్లె పిల్లల్ల పి.జి. పాటిల్ అనే ఆయన ఇంగ్లండ్ పోయి బారిస్టర్ అయిండు. తర్వాత కొల్హాపూర్ శివాజీ యూనివర్సిటీకి వైస్ చాన్సలర్ అయిండు.

పల్లెకు పోయే పంతులు

బడి పెడితే అయిపాయెనా? పంతులు కావాలె. పట్నం పంతులు పల్లెల ఉండడు, ఉన్నా ఆ పిల్లల భాష ఆయనకు ఎక్కది. అందుకని 1935ల, సంస్థ రిజిస్టర్ అయిన ఏడాదే, సాతారాల పల్లె పంతుళ్లను తయారుచేసే ట్రైనింగ్ కాలేజీ పెట్టిండు. తర్వాత దానికి మహాత్మా ఫూలే పేరొచ్చింది. పల్లెల పుట్టినోళ్లనే పల్లెకు పంతుళ్లుగ పంపుడు ఆయన ఉపాయం.

ఆ పంతుళ్లు తయారైనంక గుట్టల నడుమ ఉన్న చిన్న చిన్న గూడేలల్ల, సర్కారు బడి రాని తావులల్ల ఒక్క పంతులు బడులు మొదలువెట్టిండ్రు. బిల్డింగు కోసం ఎదురుచూడలె. గుడి అరుగు దొరికితే గుడి అరుగు, చావడి దొరికితే చావడి, చెట్టు నీడ దొరికితే చెట్టు నీడ. అట్లాంటి బడులు 500కు పైగా లేచినయి. స్వాతంత్ర్యం వచ్చినంక వాటిని లోకల్ బోర్డుకు అప్పజెప్పిండు. ఇది గూడ గుర్తుంచుకోవాల్సిందే. బడి నడుపుడు సర్కారు బాధ్యత. సర్కారు రాని కాడ జనం ముందు పోయి దీపం పెట్టుకోవాలె. సర్కారు వచ్చినంక దాని నెత్తిన బరువు పెట్టాలె. ఆయన ఈ రెండిట్ల దేన్నీ వదిలిపెట్టలె.

గ్రాంటు ఆపితే

1948ల గాంధీ హత్య అయినంక భావురావు బహిరంగంగ మాట్లాడుకుంట బొంబాయి సర్కారును ఇమర్శించిండు. సర్కారు సంస్థకు ఇచ్చే గ్రాంటు ఆపింది. వేరే సంస్థ అయితే తాళం వేసుకునేది, లేకపోతే పోయి కాళ్ల మీద పడేది. భావురావు జనం కాడికి పోయిండు. చందాలు వచ్చినయి. ఊరూరు తిరిగి చీపురుతోటి ఊడ్సుకుంట కీర్తనలు చెప్పే గాడ్గే మహారాజ్ ఆయన పక్కన నిలబడ్డడు. ముఖ్యమంత్రి బి.జి. ఖేర్‌తోటి మాట్లాడిండు. ఆఖరికి గ్రాంటు మళ్ల వచ్చింది.

గ్రాంటు తీసుకునుడు తప్పు కాదు. అది జనం కట్టిన పన్నే. గ్రాంటు ఆగితే ఊపిరి ఆగేటట్టు ఉండుడు తప్పు. ఇరవై తొమ్మిదేండ్ల సంది పిడికెడు పిడికెడు కూడబెట్టుకున్న బలం ఆ రోజు పనికొచ్చింది.

పేరు అమ్మలె

సాతారా శివాజీ కాలేజీ పైసలకు తిప్పలు పడుతున్నప్పుడు ఒక ధనవంతుడు పెద్ద మొత్తం ఇస్తనన్నడట. కాలేజీకి తన పేరు పెట్టాలని షరతు. నా కన్నతండ్రి పేరన్న మార్చుకుంటగని కాలేజీ పేరు మార్చనని భావురావు జవాబిచ్చిండని సాతారాల అందరు చెప్తరు. అదే మనిషి 1954ల కరాడ్‌ల కాలేజీ పెట్టినప్పుడు దానికి గాడ్గే మహారాజ్ పేరు పెట్టిండు. గాడ్గే బాబా బడి మొకం చూడలె. చినిగిన బొంత, నెత్తిన మట్టి చిప్ప, చేతుల చీపురు. డిగ్రీలు ఇచ్చే కాలేజీకి అక్షరం రాని మనిషి పేరు. కోట్లిచ్చినా దొరకని పేరు చీపురు పట్టినాయనకు దొరికింది. ఎవలను మర్యాద చెయ్యాల్నో పిల్లలకు నేర్పుటానికి ఇంతకన్న పెద్ద పాఠం లేదు.

భావురావు నెరిసిన పెద్ద గడ్డం, ఖద్దరు బట్టలతోటి ఆఖరిదాక ఊర్లు తిరిగిండు. సంస్థకు మర్రిచెట్టును గుర్తుగ పెట్టుకున్నడు. మర్రి ఊడ కింది దాక వచ్చి భూమిల దిగితే అదే ఇంకో మాను అయితది. మొదటి మాను ఎండిపోయినా చెట్టు సావది. 1959ల ఆయన పోయినంక అట్లనే అయింది.

మరి మన ఊర్ల?

ఇప్పుడు మన ఊరికి వద్దం. పొద్దుగాల పసుపుపచ్చ బస్సు వస్తది. ఊర్ల సగం పిల్లలు దాంట్ల పోతరు. సర్కారు బడిల పది మందో, పదిహేను మందో మిగులుతరు. రేపు ఆ పది మంది గూడ లేరని తాళమేస్తరు. తాళం పడ్డనాడు నష్టపోయేది ఎవలు? బస్సు ఫీజు కట్టలేనోళ్ల పిల్లలు. వలసపోయి వచ్చే కూలీ పిల్లలు. ఆడపిల్లలు, ఎందుకంటే ఇంట్ల పైసలు తక్కువ పడితే మొదాలు ఆగేది బిడ్డ సదువే.

మనం చందాలు ఎయ్యనోళ్లం కాదు. పండుగకు ఎస్తం, డీజేకు ఎస్తం, విగ్రహానికి ఎస్తం. బడికి మాత్రం అది సర్కారుది అంటం. సర్కారుది అన్నంక మనది కాదనుకుంటం. భావురావు కథల మనం పట్టుకోవాల్సిన కొస ఇదే. ఊరు మనది అనుకున్న బడిని మూసే ధైర్యం ఎవలకూ రాదు. ఊరు వదిలేసిన బడిని కాపాడే శక్తి ఏ జీవోకూ లేదు.

చెయ్యనీకి తొవ్వలు లేవా? విద్యా హక్కు చట్టం 2009ల వచ్చింది. సర్కారు బడికి యాజమాన్య కమిటీ ఉండాలని, దాంట్ల నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడోళ్లు ఉండాలని ఆ చట్టం చెప్తది. మీ ఊరి బడి తల్లిదండ్రుల కమిటీల ఎవలున్నరో అడిగిండ్రా? ఆఖరిసారి ఎన్నడు కూసున్నరో తెలుసా? డిగ్రీ సదివి ఇంటికాడ ఉన్న తమ్ముడు, పెండ్లయి ఊరికి వచ్చిన చెల్లె, పొద్దుమూకి ఒక గంట ఐదో తరగతి పిల్లలను కూసోవెట్టి సదివిచ్చవచ్చు. హాస్టల్ల ఉన్న మన ఊరి పిల్లల కాడికి నెలకోసారి పోయి ఏం తింటున్నరో చూసి రావచ్చు. తప్పు కనవడితే ఫొటో తీసి ఊకోకుండ, కమిటీల నిలబడి అడగవచ్చు. వీటికి కోట్లు అక్కరలేదు. పిడికెడు టైము సాలు.

ఒక్క మాట. ఇదంతా సర్కారును ఇడిసిపెట్టమని కాదు. పంతుళ్లను వెయ్యమని, పప్పు మంచిది పెట్టమని, గోడ కట్టమని కొట్లాడుడు మన హక్కు. కొట్లాడేటోని కాళ్ల కింద నేల ఉండాలె. మన బడిల మన పిల్లలు, మన కమిటీ, మన చెమట ఉంటే అది నేల. లేకపోతే దరఖాస్తులే మిగులుతయి.

మెట్రిక్ పాస్ కాని నాగళ్ల ఏజెంటు, పుస్తెలు అమ్మిన ఇల్లాలు, జొన్నలు ఇసిరే ఆడోళ్లు కలిసి బడులు నిలబెట్టిండ్రు. వాళ్ల ఊర్లు మన ఊర్ల కన్న ఉన్న ఊర్లు కావు. వాళ్ల పొలాలను తడిపిన కృష్ణ నీళ్లే మన దిక్కు గూడ పారుతున్నయి. పనికి నడుం వంచుడు ఒక్కటే బాకీ ఉంది.